మొదటి మూట ఎవురెత్తుతారు?

కడప మేస్త్రి పోయాడని తెలిసిన పూట నాకు ముందుగా కోపం వచ్చింది. పోయినవాళ్ల మీద కోపం పెట్టుకోకూడదని మా ఇంటామె అంటుంది. నిజమే కావచ్చు. కానీ నాలుగేళ్లుగా ఆయన మీద విసుక్కోవడం నాకు అలవాటైపోయింది. మనిషి పోయినంత సులువుగా అలవాటు పోదు.

ఆ రోజు కర్నూలు మార్కెట్లో ఉల్లిగడ్డలు దించి, ఖాళీ పికప్పుతో కల్లూరు వైపు మళ్లాను. ముందు చక్రం దగ్గర ఏదో కిర్రుకిర్రుమంటోంది, చూపిద్దామని. మేస్త్రి షెడ్డుకు తాళం వేసి ఉంది. పక్కన పంక్చర్లు వేసే ఆయన ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. తల ఎత్తకుండానే, "మేస్త్రి పోయినాడప్పా" అన్నాడు.

"యాడికి?" అన్నాను. నిజంగానే అడిగాను. ఆయన అప్పుడప్పుడూ చెప్పాపెట్టకుండా కడపకు పోయేవాడు.

పంక్చరాయన అప్పుడు తలెత్తాడు. "యాడికంటే ఏం చెప్పేది? ఇరవై దినాలాయ. పొద్దున టీ తాగి, ఇదో ఈ టైరు మీద కూర్చున్నాడు. అంతే."

బండి దిగి ఆ టైరు వైపు చూస్తూ నిలబడ్డాను. ఒక్క ప్రశ్నకైనా తిన్నగా జవాబు చెప్పకుండా వెళ్లిపోయాడే ఈ మనిషి, అనుకున్నాను. అదీ నా కోపం.

ఆయన పేరు నాకు తెలియదు. బోర్డు లేదు. ఎప్పుడో కడప నుంచి వచ్చి రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకున్నాడు కాబట్టి కడప మేస్త్రి. కమాన్ల పని తప్ప ఇంకేదీ ముట్టేవాడు కాదు. లారీలకూ పికప్పులకూ చక్రాల దగ్గర ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయే, బరువు పడితే వంగి, దించితే లేస్తాయి, అవే కమాన్లు. వాటి గురించి ఆయనకు తెలియనిది లేదని కర్నూలు చుట్టుపక్కల డ్రైవర్లంతా చెప్పేవారు. ఆయనతో మాట్లాడి మతి చెడగొట్టుకోని డ్రైవరు కూడా లేడని మాత్రం ముందుగా ఎవరూ చెప్పలేదు.

బక్క మనిషి. గళ్ల లుంగీ, పైన ఒకప్పుడు తెల్లగా ఉండిన బనియను. ముప్పై ఏళ్ల సుత్తి దెబ్బలకు ఎడమ చెవి పోయింది. కుడి చెవిని పట్టీల కోసం దాచిపెట్టుకున్నాడు. విప్పిన పట్టీని వేలికి వేలాడదీసి, సుత్తితో చిన్నగా తట్టి, కుడి చెవి దగ్గర పెట్టుకునేవాడు. "ఇది సచ్చింది" అని ఒక పక్కకు విసిరేవాడు. "దీనికి ఇంకా జీవం ఉండాది" అని ఇంకో పక్కన మెల్లగా పెట్టేవాడు. మనం మాట్లాడేటప్పుడు మాత్రం ఎడమ చెవే మన వైపు ఉండేది. అది అనుకోకుండా జరిగేదంటే నేను నమ్మను.

పని నేర్చుకునేవాడంటూ ఎవరినీ పెట్టుకోలేదు. బండి ఎవరిదో వాడే పనివాడు. "పట్టుకో" అని ఇనుప కడ్డీ మన చేతిలో పెట్టేవాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చిన కాంట్రాక్టరుకైనా అదే మాట. నేను మొదటిసారి వెళ్లిన రోజు గంటసేపు ఎవరిదో లారీ బోల్టు పట్టుకుని నిలబడ్డాను. ఆ లారీకీ నాకూ ఏ సంబంధమూ లేదు.

ఇక ఆయన టేపు. ఆ టేపుకు మొదటి నాలుగు అంగుళాలు లేవు, ఎప్పుడో తెగిపోయాయి. కొత్తది కొనచ్చు కదా అంటే, "ఎందుకు? నాలుగు తీసెయ్యి, సరిపోతాది" అనేవాడు. కొలిచిన ప్రతిసారీ పైకి చదివి, "నాలుగు తీసెయ్యి" అని తనకు తానే చెప్పుకునేవాడు. పోనుపోను ఆ మాట టేపు దాటి వచ్చేసింది. డ్రైవరు ఎవరైనా "ఒక్క టన్నే ఏస్తా మేస్త్రీ" అంటే "నాలుగు కలుపు" అని, "మా ఓనరు శానా మంచోడు" అంటే "నాలుగు తీసెయ్యి" అని. నవ్వేవాడు కాదు. అందుకే ఇంకా ఒళ్లు మండేది. ఇంటికొచ్చి మా ఇంటామెకు ఆ మాటలన్నీ అప్పజెప్పి తిట్టుకునేవాణ్ణి.

నా బాధేమిటో చెప్పాలి. మాది ఆలూరు వైపు పల్లె. చేను నుంచి తారురోడ్డుకు వచ్చే బండిదారి వాగులాంటి ఒక వంక దాటుతుంది. వంక ఒడ్డెక్కే చోట దారి మధ్యలో ఒక బండ. ఖాళీగా పోతే తగలదు. ఉల్లి మూటలు నింపుకుని వస్తే వెనక కమాన్లు అణిగిపోయి, డీజిల్ ట్యాంకు అడుగు ఆ బండకు రాసుకునేది. ఆ చప్పుడు నా పళ్లలో వినిపించేది. ఒకసారి ట్యాంకు చిల్లి పడి, దారి పొడవునా డీజిల్ కార్చుకుంటూ వచ్చాను. మెకానిక్ ఒక్కటే మాట చెప్పాడు: బండి ఎత్తు పెంచుకో.

ఎత్తు పెంచడం గురించి అంతవరకూ నాకు ఏమీ తెలియదు. పది రోజులు ఫోన్లో వీడియోలు చూశాను. ఇంగ్లీషులో కొన్ని, హిందీలో కొన్ని. ఎక్కడో ఎడారుల్లో, మంచుకొండల మీద, రంగురంగుల బండ్లు ఎగురుతూ పోతున్నాయి. వాటికి వేసే పూర్తి కిట్టు బెంగళూరులో దొరుకుతుందన్నారు. దాని ధర విని ఫోను పెట్టేశాను. నా చేతిలో ఉన్నది ఇరవై వేలు. పెద్ద టైర్లు వేసుకోమని ఒకడు, ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మెలు పెడితే చవకలో అయిపోతుందని ఒకడు, పాత కమాన్లనే కొట్టించి వంపు తెప్పిస్తే చాలని ఇంకొకడు, పట్టీలు రెండు అదనంగా వేయించమని మరొకడు. ఎవరి మాట విన్నా నిజమే అనిపించేది. ఇంకొకడి మాట వింటే అదీ నిజమే అనిపించేది. చివరికి కడప మేస్త్రి దగ్గరికి వెళ్లాను.

"మేస్త్రీ, బండి లేపాల" అన్నాను.

"ఎవురిది?"

"నాదే."

"నీ బండి నువ్వే లేపితే దొంగతనం యాడైతాది?" అని మళ్లీ పనిలో పడ్డాడు.

ఓపిక పట్టుకుని అన్నీ చెప్పాను. కిట్టు, దిమ్మెలు, టైర్లు, పట్టీలు, నా ఇరవై వేలు. ఇందులో ఏది మేలో చెప్పమన్నాను. ఆయన బీడీ ఆర్పి, బండి వెనక గొంతుక్కూర్చుని అడుగుభాగం చూశాడు. రాపిడి పడిన ట్యాంకును వేళ్లతో తడిమాడు.

"కమాను లేపితే బండి లేస్తాది, ఇరుసు మాత్రం యాడుండేది ఆడే ఉంటాది. అది తెల్సా?" అన్నాడు. "ఏం బండ తగల్తాంది?"

చెప్పాను. ఎంత ఉంటుందని అడిగాడు. చేతులతో చూపించాను.

"బండి లేపేకన్నా బండ లేపు. గడ్డపార యాడైనా దొరుకుతాది."

నాకు మండింది. అంత దూరం నుంచి డీజిల్ కాల్చుకుని వస్తే గడ్డపార సంగతి చెబుతాడా? "అది లేసే బండ కాదు మేస్త్రీ, భూమిలోంచి వచ్చింది" అన్నాను.

అది అబద్ధం. ఆ బండ ఎండాకాలం రెండు గడ్డపారలతో ఒక్క పూటలో లేచిపోయేదే. కానీ అది ఉన్న జాగా మా పెదనాయన కొడుకు భాగంలోకి వస్తుంది. దారికి హక్కు ఇద్దరికీ ఉంది, నేల మాత్రం ఆయనది. ఆయనకూ నాకూ మాటల్లేవు. మా నాయన దినాల భోజనాల్లో, పంక్తిలో కూర్చుని, పదిమందిలో "పప్పు పలచగా ఉండాది" అన్నాడు. నాయన పోయిన బాధలో ఉన్నాను, నోటికొచ్చింది అనేశాను. ఆయన విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. అంతే. బండ తీయాలంటే ఆయన గడప తొక్కి, "అన్నా, తీయమంటావా" అని ఒక మాట అడగాలి. దానికన్నా బండిని ఆకాశానికి లేపడం నాకు సులువనిపించింది. ఈ సంగతి మేస్త్రికి ఎందుకు చెబుతాను?

"సరే" అన్నాడాయన. "మొదటి మూట ఎవురెత్తుతారు?"

ఏమిటని అడిగితే విడమరిచి చెప్పాడు. ఆయన ఒక విషయాన్ని విడమరిచి చెప్పడం నేను విన్నది ఆ ఒక్కసారే. "బండి ఖాళీగా ఉన్నప్పుడు అన్నిటికన్నా ఎత్తులో ఉంటాది. మూటలు పడేకొద్దీ దిగుతాది. నువ్వు బండ కాడ బండిని చూస్తాండావు, నేను చేని కాడ చూస్తాండా. నాలుగు అంగుళాలు లేపితే, మొదటి మూట ఎత్తేవాళ్ల చేతులు నాలుగు అంగుళాలు పైకి పోవాల. వాళ్లను పిల్చుకరా. ఈడ నిలబెట్టి, వాళ్ల చేతుల కొద్దీ చూసి లేపుతా."

ఆ రోజు ఏ పనీ చేయలేదు. తిరిగి వచ్చేశాను. తర్వాతి వారం వెళ్తే, "బరువుతో తే, అణిగినప్పుడు చూడాల" అన్నాడు. బరువుతో వెళ్తే, "ఎత్తేవాళ్లు యాడ?" అన్నాడు. స్ప్రింగులు వేయమంటే బంధువులను పిలుచుకు రమ్మనే మేస్త్రిని నేనెక్కడా చూడలేదు. పెళ్లిచూపులా ఇవి?

అసలు సంగతి ఏమిటంటే, మూటలు ఎత్తేది నేనూ మా ఇంటామే. ఉల్లి తీసే వేళకు మా పల్లెలో కూలివాళ్లు ఉండరు. సుగ్గి అని, పిల్లాజెల్లాతో మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లిపోతారు. ఒకప్పుడు మా ఇంట్లో ఆడవాళ్లు చేనికి వస్తే గట్టు మీద నిలబడి చూసి పోయేవారు. ఇప్పుడు మా ఇంటామె మూట చెవి ఒకటి పట్టుకుంటుంది, నేను ఒకటి పట్టుకుంటాను, ఒకటి రెండు అని ఊపి బండి మీదికి విసురుతాం. ఇది ఊళ్లో అందరికీ తెలుసు. అయినా కర్నూలులో, నన్ను రెడ్డీ అని పిలిచే మనిషి ముందు, ఆమెను నిలబెట్టి చేతులెత్తించి కొలిపించడానికి నాకు మనసు ఒప్పలేదు. పరువు అంటారు దాన్ని. ఇప్పుడు దాన్ని ఏమనాలో నాకు తెలియదు.

మూడోసారి వెళ్లి, "హమాలీలు ఉండారు మేస్త్రీ. ఒక్కొక్కడు ఆరడుగులు" అన్నాను.

నా ముఖంలోకి కాసేపు చూశాడు. "ఆరడుగులా రెడ్డీ? నాలుగు తీసెయ్యి" అన్నాడు. కానీ పని మొదలుపెట్టాడు. సచ్చిన పట్టీలు తీసేసి, వెనక రెండేసి కొత్తవి వేసి, ముందు కమాన్లు కొట్టి వంపు తెప్పించాడు. రోజంతా నా చేత పట్టించాడు. దిమ్మెలు వద్దన్నాడు, మలుపుల్లో బండిని పడేస్తాయట. నా ఇరవై వేలలో కొంత మిగిల్చాడు కూడా. చివరికి సుద్దముక్కతో షెడ్డు బయటి గోడ మీద నా బండి నంబరు గీశాడు, పక్కన ఒక గుండ్రని బొమ్మ వేశాడు. ఆయనకు అక్షరాలు రావు. నంబర్లు చూసి గీసేవాడు, పక్కన ఏ బండికి ఏం కష్టమో బొమ్మ వేసుకునేవాడు. నాది ఉల్లిగడ్డ అనుకున్నాను.

ఊరికి వచ్చి, నిండు బరువుతో వంక దాటాను. చప్పుడు లేదు. ట్యాంకు కింద నుంచి బండ జారిపోయింది. స్టీరింగు మీద గట్టిగా చరిచి, "ఏం జేస్తావురా నన్ను!" అని అరిచాను. బండనో, అన్ననో, ఎవరిని అన్నానో నాకే తెలియదు.

మా ఇంటామె పొట్టి మనిషి. మొదటి రోజు మునివేళ్ల మీద లేచి ఎత్తింది. రెండో రోజు చేనికి వచ్చేటప్పుడు వంటింట్లో అన్నానికి కూర్చునే పీట ఒకటి తెచ్చుకుంది. బండి వెనక ఆ పీట వేసుకుని, దాని మీద నిలబడి మూట ఎత్తింది. నేను చూశాను. చూసి, తెలివైనదే అనుకున్నాను. అలా అనుకున్నందుకు ఈ రోజుకీ నన్ను నేను క్షమించుకోలేదు. మాది నల్లరేగడి. పైన ఎండినట్టు కనిపిస్తుంది, లోపల తడి. ఆ పంటలో ఆఖరి దినం, ఆ రోజు మొదటి మూట ఎత్తేటప్పుడు పీట కాలు నేలలో దిగబడి ఒరిగింది. మూట నా చేతిలోంచీ జారింది. ఆమె పట్టు వదల్లేదు. వదిలేసి ఉంటే సరిపోయేది. కుడి భుజం లాగేసింది.

ఆలూరులో కట్టు కట్టించాం, ఆదోనిలో ఎక్స్‌రే ఫోటో తీయించాం. నొప్పి తగ్గింది కానీ ఆ చెయ్యి భుజం దాటి పైకి లేవదు. అన్నం తింటుంది, ముగ్గు వేస్తుంది. జడ మాత్రం వేసుకోలేదు. నేనే వేస్తాను. ఎన్నాళ్లు వేసినా వంకరగానే వస్తుంది.

అప్పుడు నాకు మేస్త్రి మీద కోపం వచ్చింది చూడండి, తలుచుకుంటే నవ్వొస్తుంది. నా అబద్ధం నాకు గుర్తులేనట్టు, చేసిందంతా ఆయనే అయినట్టు, బండి వేసుకుని ఊగిపోతూ కల్లూరుకు వెళ్లాను. "నీ పని ఇదేనా మేస్త్రీ? ఎత్తు ఎక్కువ చేసినావు, హమాలీకి చెయ్యి పోయింది" అని రోడ్డు మీద నుంచే మొదలుపెట్టాను. ఆయన లేచి వచ్చాడు. మామూలుగా అయితే ఎడమ చెవి పెట్టేవాడు. ఆ రోజు కుడి చెవి పెట్టి, నేను అన్నదంతా విన్నాడు. విని, బండి వెనక డోరు దించాడు.

పీట అందులోనే ఉంది. తీయడం మరిచిపోయాను. పొట్టి పీట, అంచులకు పసుపు, మధ్యలో పండగ నాడు వేసిన ముగ్గు సగం చెరిగిపోయి.

మేస్త్రి ఆ పీటను రెండు చేతులతో తీసి, తిప్పి, మట్టి అంటిన కాలు చూశాడు.

"హమాలీ తెచ్చుకున్నాడా ఇది?" అన్నాడు.

నేను డోరు గొలుసు సర్దుతున్నట్టు వంగాను.

"యాడ తగిలింది? నడుమా, చెయ్యా?"

"భుజం" అన్నాను.

ఇంకేమీ అడగలేదు. 'నేను చెప్పినా కదా' అనలేదు. ఆ ఒక్క మాట అని ఉంటే నేను ఎదురు తిరిగేవాణ్ణి, తిట్టేవాణ్ణి, కొంత తేలికపడేవాణ్ణి. ఆయన ఆ వీలు కూడా ఇవ్వలేదు. పీటను నీళ్ల తొట్టి దగ్గర కడిగి, తుడిచి, నా సీటు పక్కన పెట్టాడు. "ఇది వంటింట్లో ఉండాల" అన్నాడు. తర్వాత బండి కిందికి దూరాడు. జాకీ నా చేత పట్టించాడు. తాను వేసిన పట్టీలు తానే విప్పుతూ, కింద నుంచి, "నాలుగు తీసేస్తాండా" అన్నాడు. ఆ పనికి కూలి తీసుకోలేదు. ఇవ్వబోతే ఎడమ చెవి పెట్టాడు.

ఆ తర్వాత మూడేళ్లూ బండ మళ్లీ రాసుకుంది. నేను వంక దగ్గర బండి ఆపి, సగం మూటలు దించి, బండి దాటించి, మళ్లీ మోసి ఎక్కించుకునేవాణ్ణి. ఒక్కడినే. ఒక్కో మూటకు ఒక్కో తిట్టు మేస్త్రిని తిట్టేవాణ్ణి. వేరే దారి చెప్పచ్చు కదా? అంత తెలిసినవాడివి, ఒక ఉపాయం చెప్పచ్చు కదా? గడ్డపార గురించి ఆయన చెప్పిన మాట అప్పుడూ గుర్తుకు రాలేదు. వచ్చినా పక్కకు నెట్టేశానేమో.

ఇదంతా ఆ రోజు మూసిన షెడ్డు ముందు నిలబడి తలుచుకున్నాను. పంక్చరాయన పని తాను చేసుకుంటున్నాడు. పోయే ముందు గోడ మీద నా నంబరు ఉందేమో చూద్దామనిపించింది. ఉంది. పక్కన నా ఉల్లిగడ్డ. దానికి జానెడు కింద ఇంకో నంబరు, పక్కన అదే గుండ్రని బొమ్మ. ఆ నంబరు నాకు బాగా తెలుసు. ఆరేళ్లుగా ఎదురొచ్చిన ప్రతిసారీ ముఖం తిప్పుకున్న నంబరు అది. మా అన్న పికప్పు.

అన్న ఉల్లి వేయడు. పత్తి తప్ప వేయడు.

"ఇది ఏం బొమ్మప్పా?" అని పంక్చరాయనను అడిగాను.

ఆయన వచ్చి చూశాడు. "ఇదా? బండ కదప్పా. ఎవురో రెండు బండ్లోళ్లు, ఒకే ఊరోళ్లు. ఒకే తావున గీసుకోని వస్తాండారు ఇద్దరూ, ఒకరికి తెలీకుండా ఒకరు. మేస్త్రి చెప్పి చెప్పి నవ్వుతుండె. ఆయప్ప నవ్వేది ఆ ఒక్క మాటకే."

నవ్వేవాడట. నా ముందు ఒక్కసారీ నవ్వని మనిషి, నా గురించి చెప్పుకుని నవ్వేవాడు. 'మీ అన్న కూడా వచ్చినాడు రెడ్డీ' అని ఒక్క మాట చెప్పి ఉంటే ఏం పోయేది? గోడ మీద బొమ్మ గీసే సుద్దముక్కకు ఉన్నంత నోరు ఆయనకు లేకపోయిందా? ఆలూరు వచ్చేదాకా ఈ మాటలే అనుకుంటూ వచ్చాను. ఆలూరు దాటాక మాత్రం, చెప్పి ఉంటే నేనేం చేసేవాణ్ణి అనుకున్నాను. ఇంకో మేస్త్రిని వెతుక్కునేవాణ్ణి. అంతే చేసేవాణ్ణి.

ఇంటికి పోకుండా అన్న ఇంటికే పోయాను. ఆరేళ్లలో ఆయన కుక్కను మార్చాడు, కొత్తది నన్ను గుర్తుపట్టక మొరిగింది. అన్న వాకిట్లో కూర్చుని మందు కొట్టే డబ్బా విప్పి బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి చేతిలో పాన ఆపాడు.

"ఏం, ఈ పొద్దు పప్పు చిక్కగా చేసినారా?" అన్నాడు.

"కడప మేస్త్రి పోయినాడన్నా" అన్నాను.

పాన కింద పెట్టాడు. "అయ్యో. ఎప్పుడు?" అని, "నాకు చెప్పినాడు రా ఆయప్ప. బండి లేపేకన్నా బండ లేపు అన్నాడు. నేనినలా. బెంగళూరు నుంచి కిట్టే తెప్పించుకుంటి. అది ఏసినా ఇరుసు కొట్టుకుంటానే ఉండాది" అన్నాడు.

నేను ఎన్నో రోజులు డబ్బుల్లేక ఏడ్చిన కిట్టు అది.

"నేల నీది కదన్నా. నువ్వే తీసేయచ్చు కదా?"

అన్న నా వైపు చూడకుండా చెప్పాడు. "నేను తీస్తే నీ బండి సుఖంగా పోతాదని తీయలా."

ఇంత నిజం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. కోపం రావాలి. రాలేదు. నేనైనా అంతే చేసేవాణ్ణి. "నేను అడగలేక బండి లేపినా. నా పెండ్లాం చెయ్యి పోయింది" అన్నాను. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఊరంతా తెలుసు. కానీ నా నోటితో నేను ఎవరికైనా చెప్పడం అదే మొదటిసారి. అన్న లేచి లోపలికి వెళ్లి, రెండు గడ్డపారలు తెచ్చి గోడకు ఆనించాడు.

తెల్లారి ఎండెక్కకముందే బండ లేచింది. అంతకాలం దాన్ని చూసి కొండ అనుకున్నాం. మోకాలి లోతు కూడా లేదు. దొర్లించి వంకలో పడేశాం. కింద తడి మట్టి, ఒక తేలు. అన్న గుంటలో మట్టి నింపి కాలితో తొక్కుతూ, "దీనికా మనం ఇంత..." అన్నాడు.

మొన్న ఉల్లి ఎత్తాం. మూటకు ఒక చెవి అన్న పట్టుకున్నాడు, ఒకటి నేను. ఒకటి, రెండు. మొదటి మూట ఎగిరి బండి మీద పడింది. మేస్త్రి అడిగిన ప్రశ్నకు ఇన్నాళ్లకు నా దగ్గర జవాబు ఉంది, వినేందుకు ఆయన లేడు. అదేదో గర్వం లోపల పొంగి, గట్టు మీద కూర్చున్న మా ఇంటామెతో గట్టిగా అన్నాను: "ఇంక మేమిద్దరం ఉండాం. ఎన్ని మూటలైనా ఎత్తుతాం. నీకు ఈ జన్మలో ఇంక కష్టం లేదు!"

ఆమె ఆ పీట వేసుకుని కూర్చుని ఉంది. ఎత్తడానికి కాదు, కూర్చోవడానికే తెచ్చుకున్నానని ముందే చెప్పింది. నా మాట విని, ముఖం మామూలుగా పెట్టుకునే, "నాలుగు తీసెయ్యి" అంది.

అన్న పగలబడి నవ్వాడు. నేనూ నవ్వబోయాను. అంతలో గాలికి ఆమె జడ ఊడి వెంట్రుకలు ముఖం మీద పడ్డాయి. ఎడమ చేత్తో వాటిని వెనక్కి తోసి, ముడి వేసుకోలేక, అట్లాగే పట్టుకుని నా వైపు చూస్తూ కూర్చుంది. రెండో మూట చెవి వదిలేసి, చేతుల మట్టి పంచెకు తుడుచుకుని గట్టు వైపు వెళ్లాను.